ఓవర్‌క్లాకింగ్ బోర్డు కోసం ఈఎంఐ పెట్టొచ్చా?

ప్రశ్న: సర్, నేను ఫ్రీలాన్స్‌గా వీడియో ఎడిటింగ్ చేస్తాను, ఖాళీ దొరికితే గేమింగ్ కూడా. కొత్త కంప్యూటర్‌కి అయ్యే మొత్తం 100 పాళ్లు అనుకుంటే నా దగ్గర 80 రెడీగా ఉంది, మిగతా 20 క్రెడిట్ కార్డు మీద ఏడాది ఈఎంఐ పెడదామని. జెడ్ 790 మదర్‌బోర్డుకి 28, ఐ7 14700కె ప్రాసెసర్‌కి 24, లిక్విడ్ కూలర్‌కి 11, గ్రాఫిక్స్ కార్డుకి 17, ర్యామ్, ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్ అన్నిటికీ కలిపి 20. బోర్డు ఖరీదే గానీ ఓవర్‌క్లాక్ చేసుకుంటే, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టినదానికన్నా ఎక్కువ వేగంతో నడిపితే, ఐ7 డబ్బుకి పై మెట్టు ఐ9 స్పీడ్ వస్తుంది కదా, ఆ లెక్కన లాభమే కదా? ఎమర్జెన్సీ ఫండ్ విడిగా ఉంది, దాని జోలికి పోను.

జవాబు: ఈఎంఐ వద్దు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మీ లిస్టు కాస్త సర్దితే ఆ 20 అవసరమే పడదు. పైగా మీది ఫ్రీలాన్స్ పని. క్లయింటు డబ్బులు ఎప్పుడు వేస్తాడో ఆయన దయ, కార్డు బిల్లు మాత్రం తేదీకి ఠంచనుగా వచ్చి కూర్చుంటుంది, ఒక్క నెల తప్పితే లేటు ఫీజూ వడ్డీ కలిసి మీరు ఓవర్‌క్లాకింగ్‌తో మిగిల్చాననుకున్నదంతా తినేస్తాయి.

లిస్టు చూడగానే నా చూపు ఎక్కడ ఆగిందో చెప్తాను. బోర్డుకి 28, గ్రాఫిక్స్ కార్డుకి 17. ఎడిటింగ్‌లో ఎఫెక్టులు, కలర్ గ్రేడింగ్, ఎక్స్‌పోర్ట్ భారం చాలావరకు మోసేది గ్రాఫిక్స్ కార్డు, గేముల్లోనైతే సరేసరి. బోర్డు మీ ఫైలుని ఒక్క సెకను కూడా తొందరగా తేల్చదు, మిగతావాటికి కరెంటూ దారీ ఇస్తుంది, అంతే. పని చేసేదానికి తక్కువ పెట్టి, దాన్ని నిలబెట్టేదానికి ఎక్కువ పెట్టారు.

ఐ7 డబ్బుకి ఐ9 అన్న మాట దగ్గరికి వద్దాం. ఐ9 14900కెలో 24 కోర్లు, అంటే పని పంచుకుని చేసే భాగాలు, ఉంటాయి, మీ 14700కెలో 20. క్లాక్, అంటే నడిచే వేగం, ఎంత పెంచినా ఆ నాలుగు కోర్లు పుట్టుకురావు. ఈ నమ్మకం పాత రోజుల నుంచి వస్తోంది, అప్పట్లో అది నిజమే కూడా. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌కి బస్ స్పీడ్, అంటే మిగతా భాగాలతో మాట్లాడే వేగం, 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, సగానికి సగం ఫ్రీగా వచ్చినట్టు. ఇప్పుడు ఆ మిగులుని కంపెనీలే టర్బో (అవసరమైనప్పుడు చిప్ తనే వేగం పెంచుకోవడం) పేరుతో ముందే పిండేసి అమ్ముతున్నాయి. 14700కె ఫ్యాక్టరీ నుంచే 5.6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. మీరు కష్టపడి 5.8కి లాగారే అనుకోండి, పెరిగింది 4 శాతం లోపు. గంట పట్టే రెండర్‌లో మిగిలేది రెండు నిమిషాలు, అదీ పని మొత్తం ప్రాసెసర్ మీదే నడిస్తే.

ఆ రెండు నిమిషాలకి పెడుతున్నది ఎంతో చూడండి. ఇంటెల్‌లో ప్రాసెసర్ క్లాక్ పెంచాలంటే పేరు చివర కె ఉన్న చిప్పూ, జెడ్ సిరీస్ బోర్డూ రెండూ కావాలి. వేడికి పెద్ద కూలర్ కావాలి, దాంతో పవర్ సప్లై కూడా ఒక మెట్టు పైది. ప్రాసెసర్ తినే కరెంటు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గం లెక్కన పెరుగుతుంది, కాబట్టి 4 శాతం వేగం కోసం వోల్టేజీ 6 శాతం పెంచాల్సి వస్తే ఖర్చయ్యే పవర్ 16, 17 శాతం ఎక్కువవుతుంది. ఇవన్నీ వేరు వేరు బిల్లుల్లో వస్తాయి గనక కలిపి ఒక్క ఖర్చుగా కనపడవు. ఓవర్‌క్లాకింగ్ అనే ఒకే పద్దు కింద రాసుకుంటే మీ లిస్టులో అది 25 పాళ్ల పైనే ఉంది.

రిస్కు సంగతి నాకు ఇంకా ముఖ్యం. క్లాక్, వోల్టేజీ మారిస్తే వారంటీ పోవచ్చని ఇంటెల్ రాసే పెట్టింది, పోటీ కంపెనీ ఏఎండీ అయితే తను ఇచ్చిన ఆప్షన్లతోనే ఓవర్‌క్లాక్ చేసినా, దానివల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదంటుంది. ఒకప్పుడు ఇంటెల్ ఓవర్‌క్లాక్ చేసేవాళ్ల కోసం విడిగా ఒక ప్రొటెక్షన్ ప్లాన్ అమ్మేది, చిప్ కాలిపోతే ఒకసారి మార్చి ఇచ్చేది, 2021లో డిమాండ్ తగ్గిందని ఆపేసింది. అంటే ఈ రిస్కు ఇప్పుడు మొత్తం మీ జేబు మీదే. ఇక స్థిరత్వం: బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగులుండే సాఫ్ట్‌వేర్‌లో, వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ 56 ఉన్నదాన్ని 58 చేస్తారు, పది నిమిషాల టెస్టు పాసవుతుంది, హమ్మయ్య అనుకుంటారు. వారం తర్వాత పొద్దున్నకి ఇవ్వాల్సిన ఫైలు 90 శాతం ఎక్స్‌పోర్ట్ అయ్యాక కంప్యూటర్ ఆగిపోయి నీలం తెర పడుతుంది. గేమర్‌కి అది చిరాకు, మీకు అది ఆదాయం. ర్యామ్ తప్పులైతే ఇంకా దారుణం, తెర కూడా పడదు, ఫైలు చెడిపోయి సేవ్ అవుతుంది.

నేనైతే ఇలా సర్దుతాను. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేని బీ760 బోర్డుకి 12, కె లేని 14700కి 22, మంచి ఎయిర్ కూలర్‌కి 4, గ్రాఫిక్స్ కార్డుకి 24, మిగతావాటికి 18. మొత్తం 80. గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పైకి వెళ్లింది, ఈఎంఐ పోయింది. కె లేని చిప్ టర్బో 5.4 దాకా వెళ్తుంది, అంటే 0.2 తక్కువ, కోర్లు మాత్రం అవే 20. దాని పేరు చివర ఎఫ్ ఉన్నది కొంచెం తక్కువకి దొరుకుతుంది గానీ మీరు తీసుకోకండి, అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, వీడియోని వేగంగా విప్పే క్విక్ సింక్ అనే సదుపాయం పోతుంది, కొన్ని కెమెరాలు తీసే 10 బిట్ 4:2:2 హెచ్.265 రకం ఫుటేజీ టైమ్‌లైన్ మీద సాఫీగా కదలడానికి అది బాగా అక్కరకొస్తుంది.

అలాగని బోర్డు దగ్గర మరీ పిసినారితనం కూడా వద్దు. 14700 పూర్తి లోడ్‌లో 219 వాట్ల దాకా లాగగలదు. అడుగు రేటు హెచ్610 బోర్డుల్లో వీఆర్ఎం, అంటే ప్రాసెసర్‌కి వోల్టేజీ సరిచేసి ఇచ్చే భాగం, చిన్నది, చాలావాటిలో దాని మీద హీట్‌సింక్ కూడా ఉండదు. వేడెక్కి తనే ప్రాసెసర్‌ని నెమ్మది చేస్తుంది, అప్పుడు 22 పెట్టి కొన్న చిప్ సగం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి ఎడమ పక్కా పైనా లోహపు హీట్‌సింకులు ఉన్నాయా, ర్యామ్ స్లాట్లు నాలుగు ఉన్నాయా, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు కనీసం రెండు ఉన్నాయా, ప్రాసెసర్ పెట్టకుండానే బయోస్ అప్‌డేట్ చేసే బటన్ ఉందా, ఇవి చూడండి. బాక్స్ మీద వేసే ఫేజుల, అంటే వీఆర్ఎంలో కరెంటు పంచుకునే భాగాల, అంకెని నమ్ముకోకండి, జతగా నడిచేవాటిని కూడా విడివిడిగా లెక్కేసి వేస్తుంటారు. లైట్లకి అస్సలు డబ్బు ఇవ్వకండి.

ఓవర్‌క్లాకింగ్‌లో మీకు నిజంగా పనికొచ్చే ముక్క బీ760లోనే ఉంది, అది ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే ఎక్స్ఎంపీ ప్రొఫైల్ అనే సెట్టింగు. ఆన్ చేయకపోతే 6000 స్పీడ్ ర్యామ్ కిట్ కొన్నా తక్కువ స్పీడ్‌లోనే నడుస్తుంది, అలా ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఉన్నారు. కాకపోతే కె లేని చిప్పుల్లో మెమరీ కంట్రోలర్ వోల్టేజీ మన చేతిలో ఉండదు, కాబట్టి 7200 కిట్ల జోలికి పోకుండా 5600, మహా అయితే 6000 దగ్గర ఆగండి. ఇదీ సాంకేతికంగా ఓవర్‌క్లాకే, ఆన్ చేశాక ఒక రాత్రంతా మెమరీ టెస్టు నడిపించి గానీ క్లయింటు పని మొదలుపెట్టకండి.

ఇంకొకటి, ఇది కెకైనా కె లేనిదానికైనా వర్తిస్తుంది. 13, 14 తరాల ఐ7, ఐ9లలో వోల్టేజీ ఎక్కువై చిప్పులు పాడవుతున్నాయని 2024లో తేలింది, ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) సరిచేసి వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచింది. బోర్డు రాగానే బయోస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాకే విండోస్ వేయండి, బిల్లు స్కాన్ చేసి దాచుకోండి.

మీరు అడగలేదు గానీ, ఈ సాకెట్‌కి ఇళ్లలో వాడే కంప్యూటర్ల చిప్పుల్లో 14వ తరమే ఆఖరు, 2024లో ఇంటెల్ తర్వాతి సాకెట్‌కి వెళ్లిపోయింది. మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు కూడా మారాలి, అందుకే దాని మీద 28 పెట్టడం నాకు మరీ మింగుడు పడలేదు. ఏఎండీ ఏఎం5 సాకెట్‌ని కనీసం 2027 దాకా నడుపుతామంది, 2017లో దాని ముందటి ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ని బయోస్ అప్‌డేట్‌తో అదే బోర్డులో పెట్టుకోగలిగారు. మీ ఫుటేజీకి క్విక్ సింక్ అవసరం లేదనుకుంటే ఏఎం5 సాకెట్ ఉన్న బీ650 బోర్డుతో కూడా ఒకసారి లెక్క వేసి చూడండి, అక్కడ బీ సిరీస్‌లో కూడా ఓవర్‌క్లాకింగ్ ఉంటుంది.

అయినా సరదా తీరదంటారా, తప్పేం లేదు, హాబీకి హాబీ పద్దు పెట్టండి. ప్రతి పేమెంట్‌లోంచి కొంచెం పక్కన వేసి, పని కంప్యూటర్‌ని ముట్టకుండా, సెకండ్ హ్యాండ్ జెడ్ బోర్డూ పాత కె చిప్పూ తెచ్చుకుని ఆడుకోండి. కొనేముందు సాకెట్ మీద ప్లాస్టిక్ మూత తీయించి ఫోన్‌తో జూమ్ చేసి ఫొటో తీయండి, ఈ బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, వరసలో ఎక్కడైనా ఒక్క మెరుపు పక్కకి తిరిగినట్టు కనపడితే పిన్ను వంగినట్టే, ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయండి.