గింజల పెట్టెకు ఎంత వేడి కావాలి? స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఉన్న బిడ్డకు పెద్దమ్మ ఉత్తరం

లెస్టర్,
జనవరి 19

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. కొత్త ప్రాపగేటర్, అదే గింజలు మొలిపించే వేడి పెట్టె, దాని మీద మూత, లోపల ఒకే ట్రేలో మిరప, వంగ, బెండ, టమాట, చివరి వరసలో కొత్తిమీర. కింద నీ ప్రశ్న: "పెద్దమ్మా, ఎంత మీద పెట్టాలి?" ఫోన్‌లో చెప్తే సగం విని, సగం "ఆఁ ఆఁ సరే" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఫోటోలో నాకు తిప్పే బిళ్ల ఏదీ కనపడలేదు. వైరు, ప్లగ్గు మాత్రమే ఉన్నాయి. అంటే నీ దానికి థర్మోస్టాట్, అదే వేడిని కోరిన అంకె దగ్గర ఆపే మీట, లేదు; దాన్ని ఎంత మీదా పెట్టలేవు. ప్లగ్గు పెట్టిన దగ్గర్నుంచి ఒకే తీరుగా వేడెక్కుతుంది. మామూలుగా ఇలాంటివి లోపలి మట్టిని గది కంటే ఎనిమిది, పది డిగ్రీలు పైకి లేపుతాయి, అంతే. గదిలో 18 ఉంటే మట్టి 26, 27 అవుతుంది. గదిలో 8 ఉంటే 17 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి దాన్ని ఏ గదిలో పెట్టావన్నదే అసలు లెక్క.

ఈ సంగతి తెలియకే నేను మొదటి ఏడాది మోసపోయాను. ఇంట్లో మట్టి రాలుతుందని మీ పెదనాన్న గొణిగితే తీసుకెళ్లి గ్యారేజీలో పెట్టాను. ఫిబ్రవరి నెల, గ్యారేజీలో నాలుగైదు డిగ్రీలు. మూత మీద ఆవిరి పట్టి ఉంటే లోపల వెచ్చగా ఉందనుకుని మురిసిపోయాను. నెల గడిచినా ఒక్క వంగ మొలవలేదు. ఓపిక పట్టలేక ఫోర్కుతో తవ్వి చూస్తే సగం గింజలు మెత్తబడి కుళ్లిపోయాయి. మూత మీది ఆవిరి లోపల తడి ఉందని చెబుతుందే తప్ప వేడి సంగతి చెప్పదు.

కాబట్టి ముందు చెయ్యాల్సింది ఒక థర్మామీటర్ కొనడం. పొడుగు సూది ఉన్న వంటింటి థర్మామీటర్ అయినా చాలు. దాని సూదిని గింజ ఎంత లోతులో ఉందో అంత లోతుకి మట్టిలో గుచ్చాలి. మూతకు వేలాడదీస్తే అది గాలి వేడి చెబుతుంది. తడి మట్టి పైన నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి గింజ ఉన్న చోటు గాలి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండొచ్చు. అడుగున వేడి పలక ఉంటే ఒక్కోసారి దీనికి తిరగబడుతుంది, కుండీ అడుగున 30 ఉండి పైన 22 ఉంటుంది. రేపు నువ్వు థర్మోస్టాట్ ఉన్నది కొన్నా ఇదే మాట, దాని ప్రోబ్, అంటే వేడి కొలిచే సూది, మట్టిలో ఉండాలి.

మీ తాత, అంటే మా బాపు, యాసంగి వడ్లు మొలకకు మండె కట్టడం నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. ఒక రోజంతా నానబెట్టిన వడ్లు గోనె సంచుల్లో పోసి, పైన గడ్డి కప్పి, బరువు పెట్టేవాడు. బాపు ఎప్పుడూ సంచి పైన చెయ్యి పెట్టి చూడలేదు. మోచేతి దాకా లోపలికి దూర్చేవాడు. చల్లగా తగిలితే ఇంకో గోనె పట్టా కప్పేవాడు, మరీ వేడిగా తగిలితే విప్పి, వడ్లు తిరగేసి, నీళ్లు చల్లేవాడు. వడ్లు మొలకెత్తేటప్పుడు వాటికవే వేడి పుట్టిస్తాయి, పట్టించుకోకపోతే ఆ వేడికే ఉడికి వాసన వస్తాయి. బాపు చెయ్యి చేసిన పనే నీ సూది చెయ్యాలి.

ఇక అంకెలు. మిరప గింజ మట్టిలో 15 డిగ్రీలు ఉంటే మొలవడానికి దాదాపు 25 రోజులు తీసుకుంటుంది. 20 ఉంటే సుమారు 12, 25 ఉంటే 8, 30 ఉంటే ఏడున్నర. చూశావా, 20 నుంచి 25కి ఎక్కిస్తే నాలుగు రోజులు కలిసొస్తాయి. అక్కడి నుంచి 30కి ఎక్కిస్తే ఒక్క రోజు కూడా రాదు, పైగా మట్టి ఎండిపోతుంది. అందుకే నేను మిరపకు 25, 27 మధ్యలో ఆపేస్తాను. ఇంటర్నెట్‌లో 32 అని రాసేవాళ్లు ఉంటారు, రాసుకోనీ. ఇవి కొత్త గింజల లెక్కలు, పాతబడిన గింజకు ఇంకో వారం కలుపుకో. వంగ కూడా ఇంచుమించు మిరప లాంటిదే. టమాట అంత గారాబం అడగదు, 20 ఉంటే ఎనిమిది రోజుల్లో తల ఎత్తుతుంది.

బెండ మాత్రం నిజంగానే ఎండ బిడ్డ. 20లో 17 రోజులు, 25లో 12, 30లో వారం. దానికి వేడి పెంచినకొద్దీ లాభమే. రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వెయ్యి, పైతోలు గట్టిది. అయినా బిడ్డా, అబర్డీన్‌లో బెండ బయట కాస్తుందని ఆశ పెట్టుకోకు. కిటికీ లోపల కుండీలో పెంచి, పులుసులోకి పది కాయలు దొరికితే పండగ చేసుకో. పుంటికూర మొలకకూ 25 దాటిన వేడే కావాలి, అది ఏప్రిల్‌లో చూద్దాం.

కొత్తిమీరని ఆ పెట్టెలోంచి ఇవాళే తీసేయ్. దానికి 15 నుంచి 20 చాలు, ఎక్కువ వేడిలో మొలక సరిగా రాదు. ధనియాల్ని చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండుగా చీల్చి, మామూలు కుండీలో చల్లి, వంటింటి కిటికీలో పెట్టు. మెంతులూ అంతే, వాటికి ప్రాపగేటర్ పెట్టడం ఎండాకాలం కంబళి కప్పినట్టు.

అన్నీ ఒకే ట్రేలో వెయ్యడం కూడా నాకు నచ్చలేదు. టమాట వారంలో లేస్తుంది, మిరప ఇంకా మట్టిలోనే ఉంటుంది. లేచినదాన్ని వేడి నుంచి తియ్యాలి, లేవనిదాన్ని ఉంచాలి. ఒకే ట్రే అయితే ఎవరి పక్షం వహిస్తావు? ఈసారి చిన్న చిన్న కుండీల్లో వేరువేరుగా వెయ్యి. పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టినా సరిపోతుంది.

రాత్రి ఇంటి హీటింగ్ ఆపేస్తే మట్టి వేడి 20కి పడిపోతుందని టెన్షన్ పడకు. పగలు 27, రాత్రి 20 అయితే వంగకూ మిరపకూ నష్టమేమీ లేదు. విత్తన పరీక్ష ల్యాబుల్లో కూడా ఈ గింజల్ని రోజులో 16 గంటలు 20లో, 8 గంటలు 30లో ఉంచి మొలిపించే పద్ధతి ఉంది. రాత్రి 14, 15కి దిగజారితేనే ఆలోచించాలి. మీ ఇంట్లో అలా పడేది కిటికీ గట్టు మీదే. రాత్రి కర్టెన్ వేస్తే పెట్టె కర్టెన్‌కీ అద్దానికీ మధ్య ఇరుక్కుంటుంది, గది వెచ్చదనం దానికి అందదు. మొలక వచ్చేదాకా వెలుతురు అక్కర్లేదు కాబట్టి గట్టు మీంచి తీసి గది లోపలి బల్ల మీద పెట్టు. రేడియేటర్ మీద మాత్రం వద్దు, అది కాసేపు కాలుస్తుంది, కాసేపు చల్లారుతుంది, మధ్యలో మట్టిని పిండేస్తుంది.

తడి విషయం కొంచెం మోసం. కింద వేడి ఉంటుంది కనుక కుండీ అడుగు ముందు ఎండుతుంది, పైన మాత్రం తడిగానే కనపడుతుంది. చూపును నమ్మకు, కుండీని ఎత్తి బరువు చూడు. తేలిగ్గా ఉంటే పళ్లెంలో నీళ్లు పోసి కింద నుంచి పీల్చుకోనివ్వు. చలికాలం నల్లా నీళ్లు మంచు ముక్కలా వస్తాయి. అవి నేరుగా పోస్తే నువ్వు రెండు రోజులు కూడబెట్టిన వేడి రెండు నిమిషాల్లో పోతుంది. ఒక సీసా ముందు రాత్రే నింపి గదిలో ఉంచుకో. మన వైపు యాసంగి నారుమడిలో రాత్రి చల్లబడిన నీళ్లు పొద్దున్నే తీసేసి కొత్త నీళ్లు పెట్టేది కూడా ఇందుకే.

ఇప్పుడు అందరూ చెడగొట్టుకునే చోటికొద్దాం. తెల్లగా మెడ వంచుకుని మొలక కనపడగానే "ఇంకా వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా పెరుగుతుంది" అనిపిస్తుంది. అలా చేస్తే దారప్పోగుల్లా సాగి పడిపోతాయి. లేదా మూత కింది చెమ్మకు నారుకుళ్లు వస్తుంది, పొద్దున్న చూసేసరికి మొదలు దగ్గర నల్లబడి అన్నీ ఒరిగి ఉంటాయి. మొలకలు సగానికి పైగా వచ్చిన రోజే ఆ కుండీని పెట్టెలోంచి బయటికి తియ్యి. పగలు 18 నుంచి 20, రాత్రి 15, 16 ఉంటే చాలు. వేడి తగ్గించి వెలుతురు పెంచాలి.

ఆ వెలుతురే ఇప్పుడు నీకు లేదు. మీ దగ్గర ఈ వారం పగలు ఏడు గంటల చిల్లర. ఎల్ఈడీ లైటు కొని రోజుకు 14 గంటలు వెలిగించే పనైతే మిరప ఇప్పుడే వెయ్యి. లేకపోతే ఫిబ్రవరి చివరి దాకా ఆగు, అప్పటికి పగలు పది గంటలు దాటుతుంది. టమాట మార్చి మధ్యలో వేసినా ముందు వేసినదాన్ని అందుకుంటుంది. బీర, ఆనపకాయ ఏప్రిల్ సగం దాటేదాకా ముట్టుకోకు.

ఏప్రిల్ అంటే గుర్తొచ్చింది. ఒక ఆదివారం బీర మొలకల్ని మూత పెట్టి దక్షిణపు కిటికీలో వదిలి గుడికి వెళ్లాం. మబ్బు పట్టి ఉంది కదా అనుకున్నా. దారిలోనే ఎండ కాసింది. వచ్చేసరికి మూత లోపల 43 డిగ్రీలు, మొలకలు ఉడకబెట్టిన తోటకూరలా ఉన్నాయి. అప్పటి నుంచి ఎండ పడే చోట మూత చిల్లులు తెరవకుండా గడప దాటను.

కరెంటు బిల్లు గురించి అడిగావు. 20 వాట్ల పెట్టె రోజంతా వెలిగినా అర యూనిట్ కూడా కాలదు, దాని గురించి బెంగ పెట్టుకోకు.

థర్మామీటర్ రాగానే రెండు రోజులు గింజ వెయ్యకుండా తడి మట్టి ఒక్కటే పెట్టి చూడు. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి కాగితం మీద రాసుకో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు ఆ పొద్దుటి అంకె చెప్పు, ఆ తర్వాతే మిగతా కబుర్లు.

మీ పెద్దమ్మ