చిట్టీ, రీస్టార్ట్ కొట్టే ముందు

కోవూరు,
ఆదివారం సాయంత్రం

చిట్టీ,

మొన్న రాత్రి పదకొండున్నరకు నువ్వు ఒంగోలు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మంచి నిద్రలో ఉన్నాను. "మామయ్యా, సైట్ తెరుచుకోవడం లేదు, తెల్లవారుజామున పట్టుబడి పెట్టుకున్న రైతులు రొయ్యల రేట్లు కనపడటం లేదని ఒకటే ఫోన్లు" అన్నావు. నీ జావా కోడ్‌ను నడిపే సర్వర్ టామ్‌క్యాట్ కదా, కళ్లు నులుముకుంటూ "టామ్‌క్యాట్ రీస్టార్ట్ కొట్టు" అన్నాను. కొట్టావు, లేచింది. థాంక్స్ చెప్పి పెట్టేశావు. పొద్దున కాఫీ తాగుతుంటే తెలిసొచ్చింది, నేను నీకు చెప్పింది తప్పుడు సలహా అని. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగించినట్టయింది. అడుగుల గుర్తులు పోయాయి, దొంగ మాత్రం మళ్లీ వస్తాడు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే సగం వింటావు, మిగతా సగానికి "సరే మామయ్యా" అంటావు.

ఆ రాత్రి స్క్రీన్ మీద ఏం రాసి ఉందని అడిగితే "ఏదో 500 ఎర్రర్" అన్నావు. 'ఏదో' అనే మాటతో ఈ పనిలో ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. 500 అంటే మాట్లాడింది నీ అప్లికేషన్. లోపల ఎక్సెప్షన్ పడింది, అంటే కోడ్ ఏదో తప్పు దగ్గర ఆగిపోయింది, కానీ టామ్‌క్యాట్ బతికే ఉంది. 502 అంటే మాట్లాడింది ముందు నిలబడి రిక్వెస్టులను లోపలికి చేరవేసే ప్రాక్సీ సర్వర్. తలుపు కొడితే ఎవరూ తీయలేదనో, మాట మధ్యలో మొహం మీదే తలుపేశారనో చెబుతోంది. 504 కూడా ప్రాక్సీ మాటే. లోపలికి రమ్మన్నారు, కూర్చోబెట్టారు, ఎంతసేపటికీ జవాబు చెప్పలేదు. 503 ఎవరైనా అనొచ్చు. ముందు ప్రాక్సీగా అపాచీ ఉంటే, వెనక ఉన్న టామ్‌క్యాట్‌తో ఒకసారి కనెక్షన్ కుదరకపోతే చాలు, 60 సెకన్ల దాకా దాన్ని మళ్లీ అడగను కూడా అడగదు, వచ్చిన వాళ్లందరికీ 503 ఇచ్చి పంపేస్తుంది. టామ్‌క్యాట్ లేచిందే, ఇంకా ఎందుకు రావడం లేదని ఆ నిమిషంలో ఎంతమంది జుట్టు పీక్కున్నారో నాకు తెలుసు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఎవరు మాట్లాడారో చాలాసార్లు ఆ పేజీలోనే ఉంటుంది. తెల్ల పేజీలో కోడ్, దాని కింద గీత, ఆ కింద నీ ప్రాక్సీ ఇంజినెక్స్ (nginx) పేరు ఉంటే నీ జావా కోడ్ జోలికి ఇంకా పోవద్దు. 'వైట్‌లేబుల్ ఎర్రర్ పేజ్' అని ఉంటే మాట్లాడింది నీ అప్లికేషన్ కట్టిన స్ప్రింగ్ బూట్. కస్టమర్ దగ్గర నుంచి ఎప్పుడూ స్క్రీన్‌షాట్ అడుగు, టైముతో సహా. బ్రౌజర్‌లో క్యాష్ క్లియర్ చేయండి అని మాత్రం వాళ్లకు చెప్పకు. 502కీ దానికీ ఏ సంబంధమూ లేదు.

మీ తాతయ్యకు ఇందుకూరుపేట వైపు పొలం ఉండేది, గుర్తుందా? కాలువ చివరి భూమి. నీళ్లు రాకపోతే ఆయన ఆనకట్ట దాకా పోయి గొడవ పడేవాడు కాదు. కాలువ నీళ్లు చూసే లస్కరును వెంటబెట్టుకుని చేను దగ్గర నుంచి గట్టు మీద ఎగువకు నడిచేవాడు. ఈ తూము దగ్గర పొడి. పై తూము దగ్గర పొడి. ఆ పైదాని దగ్గర నీళ్లున్నాయి. అయితే సంగతి ఈ రెంటికీ మధ్యనే ఉంది, ఎవడో అడ్డు వేశాడు, లేదా గడ్డి పట్టింది. నేను చెన్నైలోనూ హైదరాబాదులోనూ ఇన్నేళ్లు చేసింది ఇంతకు మించి ఏమీ లేదు, చేతిలో టార్చిలైటుకు బదులు, సర్వర్‌ను నేరుగా అడిగి చూసే కర్ల్ కమాండ్.

నీ దారి ఇది: రైతు ఫోను, ఇంజినెక్స్, టామ్‌క్యాట్, దాని వెనక డేటాబేసూ ఎస్ఎంఎస్ కంపెనీ సర్వరూ. బయట నుంచి తప్పు వస్తోందా? ఇంజినెక్స్ ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయి, అక్కడి నుంచే కర్ల్‌తో టామ్‌క్యాట్ వాకిలిని, అంటే 8080 పోర్టును, నేరుగా అడుగు. నీ ల్యాప్‌టాప్ నుంచి కాదు, ఆ మెషీన్ నుంచే. ల్యాప్‌టాప్ వేరే కాలువ. అక్కడ జవాబు వస్తే టామ్‌క్యాట్ బాగుంది, ఇంజినెక్స్ సెట్టింగులో చూడు. రాకపోతే టామ్‌క్యాట్ ఉన్న మెషీన్‌కి పోయి, ఆ పోర్టు మీద అసలు ఎవరైనా వింటున్నారా అని ఎస్ఎస్ కమాండ్‌తో చూడు. వింటుంటే ఏ అడ్రస్ మీద? 127.0.0.1 మీద, అంటే ఆ మెషీన్ తనను తానే పిలుచుకునే అడ్రస్ మీద, మాత్రమే వింటూ ఉంటే పక్క మెషీన్ నుంచి ఎంత పిలిచినా పలకదు. ఇంకో చిన్న మెలిక: 'లోకల్‌హోస్ట్' అని అదే అడ్రస్‌ను పేరుతో రాస్తే కొన్ని మెషీన్లు ముందు ఐపీవీ6 అనే వేరే రకం అడ్రస్‌కి పోతాయి. సెట్టింగులో 127.0.0.1 అని అంకెల్లోనే రాసుకో. అప్లికేషన్‌ను విడి డబ్బాలో (కంటెయినర్‌లో) నడిపే డాకర్‌లో పెడితే లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, బయటి మెషీన్ కాదు.

తర్వాత ఇంజినెక్స్ తప్పులు రాసుకునే ఫైల్, ఎర్రర్ లాగ్. అందులో బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. అది లైనక్స్ చెప్పే మాట, అబద్ధం ఉండదు. 111 అంటే అవతల మెషీన్ ఉంది కానీ ఆ పోర్టు మీద ఎవరూ లేరు. టామ్‌క్యాట్ పడిపోయి ఉండొచ్చు, ఇంకా లేస్తూ ఉండొచ్చు, పోర్టు నంబరు తప్పయినా కావచ్చు. పడిపోయి ఉంటే లైనక్స్ సొంత లాగ్ చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి చూడు. మెమరీ చాలక లైనక్సే నీ జావాను చంపేసి ఉంటే అక్కడ రాసి ఉంటుంది, టామ్‌క్యాట్ లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు. 113 అంటే దారే లేదు. 104 అంటే మాట మధ్యలో తెంచేశారు. 13 వచ్చిందంటే టామ్‌క్యాట్‌కీ నెట్‌వర్క్‌కీ సంబంధం లేదు, రెడ్‌హ్యాట్ రకం మెషీన్ల మీద ఎస్ఈలైనక్స్ అనే భద్రతా కాపలా అడ్డుపడుతోంది. వెబ్ సర్వర్ బయటికి కనెక్ట్ కావచ్చు అని ఒక బూలియన్ (ఆన్, ఆఫ్ సెట్టింగు) ఆన్ చేస్తే సరిపోతుంది. ఎస్ఈలైనక్స్ మొత్తాన్నే ఆపేయమని యూట్యూబ్ వీరులు చెబుతారు, వినకు. ఇక 110 అంటే టైమౌట్, ఎదురుచూసే గడువు దాటిపోయింది. నీ కథ ఇక్కడే ఉందని నా అనుమానం.

టైమౌట్ వచ్చినప్పుడు చేతిలో గడియారం పెట్టుకో. ఎన్ని సెకన్లకు తప్పు వచ్చింది? సరిగ్గా 60 అయితే అది ఇంజినెక్స్ జవాబు కోసం ఎదురుచూసే డీఫాల్ట్ హద్దు. సరిగ్గా 30కి నీ లాగ్‌లో ఎక్సెప్షన్ పడితే డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచే హికారీ పూల్‌లో కనెక్షన్ ఖాళీ లేదని అర్థం. డీఫాల్ట్‌గా అందులో ఉండేవి పదే. రెండు నిమిషాలు దాటాక కొన్ని సెకన్లకు తెగితే, మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను చప్పుడు లేకుండా మింగేస్తోంది. లైనక్స్ మళ్లీ మళ్లీ తలుపు కొట్టి విసిగిపోతే అంత టైము పడుతుంది. గుండ్రటి అంకె కనపడిందంటే ఎవరో ఒకరు పెట్టిన హద్దు తగిలిందన్నమాట. ఆ హద్దును పెంచడం మందు కాదమ్మా. 60ని 300 చేస్తే రైతు ఒక నిమిషానికి బదులు ఐదు నిమిషాలు ఎదురుచూసి తిడతాడు, అంతే తేడా.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ కోడ్ చూపించావు కదా. లాగిన్ ఓటీపీ కోసం ఎస్ఎంఎస్ కంపెనీని పిలిచే చోట ఉన్నది జావాతో వచ్చే హెచ్‌టీటీపీ యూఆర్ఎల్ కనెక్షన్ క్లాస్. దానికి నువ్వు కనెక్ట్ టైమౌట్ (తలుపు తీసేదాకా గడువు) పెట్టలేదు, రీడ్ టైమౌట్ (జవాబు వచ్చేదాకా గడువు) కూడా పెట్టలేదు. పెట్టకపోతే జావా దృష్టిలో అది సున్నా, అంటే ఎంతసేపయినా సరే. ఆ రోజు నేనే చెప్పాల్సింది, అరిసెల ధ్యాసలో పడిపోయాను. ఇప్పుడు ఊహించు. అవతలి సర్వర్ రాత్రి కాసేపు నత్తనడక నడిచింది. లాగిన్ అవుతున్న ప్రతి రైతుకూ ఒక థ్రెడ్ (టామ్‌క్యాట్ పనివాడు) పోయి అక్కడ కూర్చుంది. టామ్‌క్యాట్‌కి డీఫాల్ట్‌గా 200 థ్రెడ్లు. అవన్నీ ఎస్ఎంఎస్ వాకిట్లో కాపలా కాస్తుంటే, రేట్ల పేజీ అడిగిన వాడికి పలికే నాథుడు ఎవడు? సీపీయూ చూస్తే ఖాళీ, మెమరీ బాగుంది, డేటాబేస్ బాగుంది, సైట్ మాత్రం చచ్చినట్టు. రీస్టార్ట్ కొడితే 200 మందీ విడుదలై ఇంటికి వస్తారు. అందుకే లేచింది. ఇదే జరిగిందని నేను ప్రమాణం చేయలేను, సాక్ష్యం మనమే చెరిపేశాం. కానీ కనెక్ట్‌కి మూడు సెకన్లు, రీడ్‌కి ఐదు సెకన్లు రేపే పెట్టెయ్, ఎటూ పెట్టాల్సిందే.

నువ్వు రేపోమాపో క్లౌడ్‌కి మారుతామంటున్నావు కాబట్టి నన్ను రెండు వారాలు ఏడిపించిన కేసు ఒకటి చెబుతాను. చెన్నైలో ఒక కంపెనీ. రోజుకు పదో పదిహేనో 502లు, అదీ రద్దీ వేళలో కాదు, మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు. లోడ్ ఎక్కువైతే పడాలి గానీ తక్కువైతే పడటం ఏంది? టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్‌లో ఆ రిక్వెస్టులే లేవు. నెట్‌వర్క్ వాళ్లు మమ్మల్ని, మేము నెట్‌వర్క్ వాళ్లని అనుకుంటూ కూర్చున్నాం. చివరికి నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపించే టీసీపీడంప్ పెట్టి చూస్తే బయటపడింది. ముందు నిలబడి రిక్వెస్టులను సర్వర్లకు పంచే అమెజాన్ లోడ్ బ్యాలెన్సర్ ఒకసారి తెరిచిన కనెక్షన్‌ను వెంటనే మూయదు, మళ్లీ వాడుకోవచ్చని డీఫాల్ట్‌గా 60 సెకన్లు ఉంచుకుంటుంది. టామ్‌క్యాట్‌తో వచ్చే సర్వర్ ఎక్స్ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్‌లో కనెక్షన్ టైమౌట్ 20000 అని ఉంటుంది, అంటే 20 సెకన్లు. కీప్ అలైవ్‌కి (ఖాళీ కనెక్షన్‌ను తెరిచి ఉంచే గడువుకి) విడిగా ఏమీ పెట్టకపోతే అదే లెక్క వర్తిస్తుంది. 20 సెకన్లు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను టామ్‌క్యాట్ మూసేస్తోంది. సరిగ్గా ఆ క్షణాన బ్యాలెన్సర్ అదే కనెక్షన్ మీద కొత్త రిక్వెస్ట్ పంపితే, ఎదురెదురుగా ఢీ. రద్దీ వేళ కనెక్షన్ ఖాళీగా ఉండదు కాబట్టి తప్పు రాదు. మందు ఒకే లైను: టామ్‌క్యాట్ కీప్ అలైవ్‌ను 75 సెకన్లు చేశాం. వెనకవాడు ఎప్పుడూ ముందువాడికంటే ఎక్కువసేపు తలుపు తెరిచి ఉంచాలి. ఆ సాయంత్రం నేను ఒక్కణ్ణే మెరీనాకి పోయి సుండల్ తిన్నాను, అంత కసి తీరింది.

ఇంతవరకూ లోపలికి వచ్చే ప్రాక్సీ. కొన్ని ఆఫీసుల్లో సర్వర్ బయటికి పోవాలన్నా ప్రాక్సీ ద్వారానే పోవాలి. అక్కడ అందరూ పడే గుంట: కర్ల్ కొడితే ఎస్ఎంఎస్ పోతుంది, జావా నుంచి పోదు. కర్ల్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసి ప్రాక్సీని పట్టుకుంటుంది, జావా దాన్ని పట్టించుకోదు. జావాకి ప్రాక్సీ హోస్ట్, పోర్టు సిస్టమ్ ప్రాపర్టీలుగా విడిగా ఇవ్వాలి. హెచ్‌టీటీపీకి వేరు, హెచ్‌టీటీపీఎస్‌కి వేరు. ప్రాక్సీ వద్దనుకునే హోస్టుల జాబితా మాత్రం రెంటికీ ఒకటే. ఆ జాబితాలో పేర్ల మధ్య కామా కాదు, నిలువు గీత పెట్టాలి. టామ్‌క్యాట్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్ఎన్వ్ ఫైల్‌లో దాన్ని కొటేషన్లలో పెట్టు, లేకపోతే కమాండ్లు నడిపే షెల్ ఆ గీతను పైప్ (రెండు కమాండ్లను కలిపే గుర్తు) అనుకుంటుంది. అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీ వాడితే, చాలా వెర్షన్లలో సిస్టమ్ ప్రాపర్టీలు చూడమని దానికి ప్రత్యేకంగా చెప్పాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా ప్రాక్సీ 'నువ్వెవరు' అని 407 ఇస్తోందంటే కంగారు పడకు. 2016లో వచ్చిన జావా 8 అప్‌డేట్ 111 నుంచి, ప్రాక్సీ గుండా పోయే హెచ్‌టీటీపీఎస్ టనెల్‌కి బేసిక్ పాస్‌వర్డ్ పద్ధతిని డీఫాల్ట్‌గా ఆపేశారు. దానికీ ఒక ప్రాపర్టీ ఉంది, సెక్యూరిటీ వాళ్లని అడిగి తెరిపించుకో. పీకేఐఎక్స్ అని సర్టిఫికెట్ ఎర్రర్ పడితే ఆ ప్రాక్సీ తన సర్టిఫికెట్ మధ్యలో పెడుతోందేమో చూసి, దాన్ని కీటూల్‌తో జావా ట్రస్ట్‌స్టోర్‌లో (నమ్మే సర్టిఫికెట్ల పెట్టెలో) చేర్చు. అన్ని సర్టిఫికెట్లనూ నమ్మేసే కోడ్ ఎక్కడైనా కాపీ కొట్టావని తెలిస్తే మీ అమ్మకు చెబుతాను.

ఇక మళ్లీ పడినప్పుడు సంగతి. పడుతుంది, టెన్షన్ పడకు. రీస్టార్ట్ కొట్టే ముందు మూడు నిమిషాలు నీవి. జేస్టాక్‌తో థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఎక్కడ ఆగి ఉందో చూపించే జాబితా) తియ్, పది సెకన్లు ఆగి మళ్లీ తియ్, ఇంకో పది సెకన్లకు మూడోది. మూడింటిలోనూ అవే థ్రెడ్లు సాకెట్ రీడ్ (నెట్‌వర్క్ జవాబు కోసం ఆగే చోటు) దగ్గరే కూర్చుని ఉంటే, దాని కింది లైన్లలో నీ క్లాస్ పేరు ఏదుందో చూస్తే దొంగ దొరికినట్టే. ఎస్ఎస్ కమాండ్ అవుట్‌పుట్ ఒక ఫైల్‌లో పెట్టు. ఇంజినెక్స్ ఎర్రర్ లాగ్ చివరి 200 లైన్లు, టామ్‌క్యాట్ సొంత లాగ్ అయిన కెటలీనా లాగ్ పక్కకు కాపీ చెయ్. రెండు మెషీన్ల గడియారాలు ఒకటే టైము చూపిస్తున్నాయో లేదో కూడా రాసుకో. ఆ తర్వాత కొట్టు రీస్టార్ట్. ఆ మూడు నిమిషాలు రైతుల ఫోన్లు ఎత్తే పని మీ ఆఫీసులో ఇంకెవరికైనా అప్పజెప్పు, రెండు పనులూ నువ్వే చేయకు.

ఈ కమాండ్లన్నీ ఒక స్క్రిప్టులో పెట్టుకుంటే అర్ధరాత్రి చేతులు వణకవు. రాసి పంపు, చూసి పెడతాను. వచ్చే శనివారం పినాకిని రైల్లో ఒంగోలు వస్తున్నాను, మీ అత్త చేపల పులుసు పంపుతానంటోంది. టైమౌట్లు పెట్టిన కోడ్ అప్పటికి సర్వర్ మీద ఉండాలి. ఈలోగా పడితే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్. ఈసారి నేను రీస్టార్ట్ అంటే మాత్రం వినకు, మొహం కడుక్కుని రమ్మను.

మామయ్య