బ్రిడ్జి లోన్ తీసుకునే ముందు, చిట్టితల్లికి

చిట్టితల్లీ,

పాత ఇల్లు అమ్మకముందే, అది అమ్మాక తీర్చేలా బ్రిడ్జి లోన్ తీసుకుని కొత్తిల్లు కొంటున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వింత దూరం వచ్చావని గుండె నిండిపోయింది. లోన్ పేరు వినగానే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మామూలు ఇంటి లోన్ కంటే వడ్డీ ఎక్కువ, నీకూ తెలుసు. ఫీజులన్నీ కాగితం మీద రాయించుకో. తాకట్టు ఒక్క ఇంటికేనా, రెండింటికీనా చూడు. వడ్డీ నెలనెలా కట్టక్కర్లేదంటే సంబరపడకు. నెలకు 1 శాతం చొప్పున అసలులో కలుస్తూ పోతే ఏడాదికి 12 కాదు, 12.68 శాతం అవుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. మేమూ ఇలాగే 6 నెలల బ్రిడ్జి లోన్ తీసుకున్నాం. మొదటి నెలలోనే ఒకాయన మా పాత ఇల్లు చూసి నచ్చిందన్నాడు. మర్యాదస్తుడు. దాపరికం ఎందుకని, లోన్ ఉందని, ఫలానా తారీకుకల్లా తీర్చాలని అంతా చెప్పేశాను. ఇంట్లో మాట్లాడి ఖాయం చేస్తానన్నాడు. ఆ మాట నమ్మి, తర్వాత వచ్చిన ఇద్దరిని ఇల్లు ఇచ్చేశామని పంపేశాను. అడ్వాన్స్ లేదు, అగ్రిమెంట్ లేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఇదిగో అదిగో అనేవాడు. రెండిళ్ల బిల్లులు, రెండు లోన్ల వడ్డీలు. ఆదివారాలు ఖాళీ ఇంటికి వెళ్లి ఊడ్చి వచ్చేవాళ్లం. పిల్లల ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గీసిన గీతలు గుమ్మం మీద అలాగే ఉండేవి. మీ పెద్దమ్మ గుమ్మమంతా తుడిచి వాటిని మాత్రం వదిలేసేది. ఇంకా 12 రోజుల్లో గడువనగా ఆయన వచ్చాడు. పదో వంతు తగ్గిస్తే వెంటనే రిజిస్ట్రేషన్ అన్నాడు. తగ్గించాను. నా గడువు ఆయనకు తెలిసింది నా నోటి ద్వారానే కదా.

నీదీ నా నోరే. చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఎక్కడ దాక్కున్నావో నువ్వే కేకేసి చెప్పేదానివి. ఆ ముద్దు అప్పటికే సరి. లోన్ గడువు సంగతి కొనేవాళ్ల చెవిన పడనివ్వకు, బ్రోకర్‌కి కూడా చెప్పకు.

అడ్వాన్స్ చేతికొచ్చి, అగ్రిమెంట్ మీద సంతకాలయ్యేదాకా పాత ఇల్లు అమ్ముడుపోయినట్టు లెక్క వేయకు. కొనేవాళ్లది లోన్ అయితే మంజూరైందో లేదో అడుగు. 6 నెలలు చాలనిపిస్తే 12 నెలల గడువు తీసుకో, ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండకూడదు. అమ్మకం ఆలస్యమైతే పొడిగిస్తారా, ఎంత వడ్డీకి? అది రాతలో లేకపోతే సంతకం పెట్టకు. పాత ఇల్లు పదో వంతు తక్కువకు పోయినా లోన్ తీరుతుందా, ఆ లెక్క ఈ రాత్రే వెయ్యి. తీరదంటే కొత్తిల్లు వదిలెయ్యమ్మా. నా మీద కోపమొచ్చినా సరే.

శనివారం కాగితాలు తీసుకురా, ఒక్కో పేజీ కలిసి చదువుదాం. పాత ఇంటి తాళాలు ఇచ్చేసే ముందు మీ గుమ్మం మీద పిల్లల గీతలుంటే ఫోటో తీసి పెట్టుకో. మేం తీసుకోలేదు.

మీ పెదనాన్న