గదికి ఏసీ కావాలి, గ్రూపుకు బ్రాండ్ కావాలి

ప్రశ్న: మాది రాయగడ. మావారు జేకేపూర్ పేపర్ మిల్లులో పనిచేస్తారు. జీతం చేతికి 36 వేలు వస్తుంది. వచ్చే ఎండలకు పడకగదిలో ఏసీ పెట్టిద్దామనుకుంటున్నాం. గది 10×11 అడుగులు, పైన ఇంకో వాటా ఉంది. రాత్రిళ్లు ఆరు గంటలు వేస్తే చాలు. చేతిలో 25 వేలున్నాయి. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు డైకిన్ అన్నారు, ఒకరు ఎల్జీ తప్ప వద్దన్నారు, వోల్టాస్ చాలని ఇంకొకరు. పేరు లేనిది కొంటే పరువు పోతుందని మా మరిది. అతను చెప్పిన 1.5 టన్నుల 5 స్టార్ ఏసీ 52 వేలు. 24 నెలల ఈఎంఐలో తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా.

మీరు పంపిన గ్రూపు మాటలన్నీ చదివాను. ఏ కంపెనీ గొప్పదో అందరూ చెప్పారు. గది ఎంత, రోజుకు ఎన్ని గంటలు వేస్తారు, పాడైతే రాయగడకు ఎవరొచ్చి చూస్తారు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. మామూలు ఇళ్లలో ఏసీ కొనేది జన్మకు ఒకటో రెండో సార్లు. కాబట్టి ఎవరు ఏది కొన్నారో అదే మంచిదంటారు. కాకిపిల్ల కాకికి ముద్దు. దాని ఈఎంఐ ఇంకా నడుస్తుంటే ముద్దు మరీ ఎక్కువ.

బరంపురంలో ఉన్న మీ పిన్నిగారు ‘ఏడాదికే గ్యాస్ పోయింది, ఆ బ్రాండ్ జోలికి పోవద్దు’ అని రాశారు. గ్యాస్ పోవడానికి చాలాసార్లు కారణం రాగి పైపు జాయింటు సరిగ్గా బిగించకపోవడం. అది బిగించిన మనిషి పని, పెట్టె మీది పేరుది కాదు. ఇంకో సంగతి. ఆంబర్ లాంటి కంపెనీ ఒక్కటే ఎన్నో బ్రాండ్లకు ఏసీలు తయారు చేసి ఇస్తోంది. అందుకని అన్నీ ఒకటేనని అనను, కానీ పేరు చూసి 10 వేలు ఎక్కువ పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక మీ లెక్క. 110 చదరపు అడుగుల గదికి, పైన వాటా ఉండి ఎండ నేరుగా తగలనప్పుడు, 1 టన్ను సరిపోతుంది (ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, చల్లబరిచే శక్తి). బ్రాండ్ మార్చడం కన్నా ఇక్కడే మీకు ఎక్కువ మిగులుతుంది.

తర్వాత స్టార్లు. ఇవి ఎక్కువున్నకొద్దీ కరెంటు తక్కువ కాలుతుంది. ఏసీ మీద అతికించిన లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఉంటుంది. ఆ అంకె 1,600 గంటల వాడకానికి వేసింది. మీరు నాలుగు నెలలు, రాత్రికి ఆరు గంటలు వేస్తే 720 గంటలే, అంటే సగం కూడా కాదు. 3 స్టార్‌కు, 5 స్టార్‌కు లేబుల్ మీద 150 యూనిట్ల తేడా ఉందనుకుందాం. మీ వాడకానికి అది 68 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 400 చిల్లర. దానికోసం 6 వేలు ఎక్కువ పెడితే తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది! పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇల్లయితే నేనే 5 స్టార్ కొనమంటాను.

ఈఎంఐ సంగతి. 52 వేలకు 16 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 2,550 దాకా పడుతుంది, రెండేళ్లకు 61 వేలు దాటుతుంది. ‘నో కాస్ట్’, అంటే వడ్డీ లేని ఈఎంఐ అన్నా నమ్మేయకండి. సున్నా శాతం పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో లాగుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదుకైతే ఎంతకిస్తారో ముందు అడగండి, తేడా అక్కడే తెలిసిపోతుంది.

1 టన్ను 3 స్టార్ ఏసీకి 35 వేలు, స్టాండు, పైపు, బిగింపు, స్టెబిలైజర్‌కు 5 వేలు వేసుకోండి. మీకు తక్కువ పడేది 15 వేలు. నవంబరు నుంచి మార్చి దాకా నెలకు 3 వేలు పక్కన పెట్టండి. మీ మరిది చెప్పిన ఈఎంఐ కన్నా 450 ఎక్కువ, అంతే. పైగా ఐదు నెలలకే అయిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎవరైనా పాత ఎమ్మార్పీ చూపించి డిస్కౌంట్ అంటే ఆ పన్ను తగ్గింపు తీసేసి చూడండి.

బ్రాండ్ ఎంచుకునేది చివర్లో. రాయగడలో ఏసీలు బాగుచేసే ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లను అడగండి: ఏ కంపెనీ విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయి, వేటికి విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించాలి? మే నెలలో ఏసీ ఆగిపోతే వారం రోజులు ఎదురుచూడాల్సింది మీరే, మీ మరిది కాదు. విశాఖలో 2 వేలు తక్కువకు వస్తుందని వెళ్తే రవాణా ఖర్చు కలుపుకోండి. షాపువాళ్లు అమ్మే అదనపు వారంటీ ఒడిశాలో చెల్లుతుందో లేదో రాతలో తీసుకోండి.

కొనేముందు మీకు కరెంటు ఇచ్చే టాటా పవర్ ఆఫీసులో మీ మీటరుకు ఎన్ని కిలోవాట్ల లోడ్ రాసి ఉందో కనుక్కోండి. 1 కిలోవాటే ఉంటే పెంచమని దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, ఎండలు ముదిరాక అక్కడ రద్దీ.