కత్తిని బూటులోంచి తియ్యమ్మా

ముమ్మిడివరం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 14 పేజీలూ రెండుసార్లు చదివాను. కాలవ కట్టేసిన రోజుల్లో పిల్లలు బురదలో చేపలు పట్టే చోటు బావుంది. అసలు సంగతికి వస్తాను. 9వ పేజీ దగ్గర కాగితాలు బల్ల మీద పడేసి కాసేపు వీధిలోకి వెళ్లిపోయాను.

నీ సిపాయి బూటులోంచి పిడిబాకు దూశాడు. పళ్ల మధ్య కరిచి పట్టుకుని కొండ ఎక్కాడు. విసిరాడు. అది శత్రువు గుండెలో దిగబడింది. పక్కనున్న గూర్ఖా సిపాయేమో, ఖుక్రీని, వాళ్ల వంకర కత్తిని, ఒరలోంచి తీశాక నెత్తురు చూడకుండా లోపల పెట్టకూడదని తన వేలు తనే కోసుకున్నాడు. వీటిల్లో ఒక్కటైనా ఎవరి చేతిలోనైనా చూసి రాశావా, తల్లీ?

మీ ఊళ్లో తాడి గీసేవాణ్ణి చూసే ఉంటావు. మోకు వేసుకుని చెట్టెక్కేటప్పుడు కత్తి ఎక్కడుంటుంది? నడుం వెనక, ఒరలో. చెట్టుకి రాసుకోదు. పైకెళ్లాక చెయ్యి వెనక్కి పెడితే పిడి దానంతటదే అందుతుంది. నోట్లో కరుచుకుని ఎక్కితే ఊపిరి ఎలా పీలుస్తాడు? సిపాయిదీ అదే లెక్క. బాయొనెట్, అంటే తుపాకి చివర బిగించే కత్తి, ఒరతో సహా బెల్టుకి వేలాడుతుంది. పిడి జారకుండా పైన ఒక పట్టీ, దానికో బొత్తాం. పరిగెత్తితే తొడకి కొట్టుకుంటుంది కాబట్టి కింద కూడా తాడుతో కట్టుకుంటారు. పాకేటప్పుడు పొట్ట కిందికి వచ్చి గుచ్చుకుంటుందని కొందరు భుజం పట్టీకి తలకిందులుగా బిగించుకుంటారు, బోర్లా పడుకున్నా చేతికి అందాలని. చప్పుడు కాకుండా ఒరకి టేపు చుడతారు. వెన్నెల్లో మెరవకుండా అలుగుకి, అంటే కత్తి రేకుకి, నల్లరంగు ఉంటుంది. నీ కథలో మాత్రం అది మూడుసార్లు తళుక్కుమంది.

బూటులో పెట్టుకుని నడిస్తే సాయంత్రానికి చీలమండ తోలు లేచిపోతుంది. పాదం పుండైన సిపాయి దేనికీ పనికిరాడు. విసరడం ఇంకా దారుణం. మడతచాకుని సైతం జేబులో వేసుకుని, తాడుతో బెల్టుకి కట్టుకునే మనిషి అతను. వరిచేలో కొడవలి జారితే మనకి పగలే దొరకదు కదా, రాత్రి బురదలో చాకు జారితే అతనికి ఏం దొరుకుతుంది? ఉన్న ఒక్క పనిముట్టునీ విసిరేసుకుంటే రేపు పొద్దున తిండి డబ్బా దేంతో తెరుస్తాడు?

అవును, డబ్బా. కత్తి చేసే పని ముప్పాతిక మువ్వీసం అదే. డబ్బా మూత, మూట తాడు, కరెంటు తీగ మీది తొడుగు, గుడారం మేకు, ఉల్లిపాయ. గాయపడ్డవాడి చొక్కా చింపడం. 1941లో బ్రిటిష్ కమాండోల కోసం సన్నటి బాకు ఒకటి చేయించారు, కాపలావాణ్ణి చప్పుడు లేకుండా చంపడానికి. సిపాయిలు దాంతో పెట్టెలు తెరవబోతే మొనలు విరిగాయి. మరుసటేడు అమెరికా మెరైన్లకి ఇచ్చిన కాబార్ కత్తికి అలుగు 7 అంగుళాలు, మందం ఎక్కువ. గొయ్యి తవ్వినా, మేకు కొట్టినా తట్టుకునేది, అందుకే దాన్ని వదల్లేదు. 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో తుపాకుల చివర బాయొనెట్లు బిగించుకుని లక్షలమంది కదిలారు. ఆసుపత్రి లెక్కల్లో బాయొనెట్ గాయాలు నూటికి ఒకటి కూడా లేవు.

ఖుక్రీ నెత్తురు మాట ఉత్త కట్టుకథ. నేపాల్ కొండల్లో దాంతో కట్టెలు కొడతారు, కూరలు తరుగుతారు, దసరాకి మేకని కోస్తారు. ఒర వెనక రెండు బుల్లి పనిముట్లు ఉంటాయి. చిన్న కోతలకి కర్దా. పదును సరిచెయ్యడానికీ నిప్పు రాజెయ్యడానికీ మొద్దుగా ఉండే చక్మక్. నీ గూర్ఖా ఒక్కసారి ఆ చక్మక్ బయటికి తీసి ఉంటే నాకు మనిషిలా కనపడేవాడు.

మనుషులు ఒకరి మీద ఒకరు పడి చచ్చే యుద్ధం లేదని నేను అనను. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్ గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన కొట్లాటలో తుపాకులు పేలలేదు. మేకులు దిగేసిన దుడ్డుకర్రలు, ఇనప కడ్డీలు, రాళ్లు. మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబుతో కలిపి మనవాళ్లు 20 మంది పోయారు. అలాంటి రాత్రి రాయాలంటే చలి రాయి, చీకటి రాయి, నది నీళ్లు రాయి.

ఇంత కోపం ఎందుకో చెప్తాను. మా మేనమామది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారే, అదే. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచీ ఆ ఊరి మగపిల్లలు పటాలానికి పోతూనే ఉన్నారు. ఆయన బెంగుళూరు వెళ్లి మద్రాస్ శాపర్స్‌లో, అంటే సైన్యంలో ఇంజినీర్ల దళంలో, చేరాడు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర మందుపాతరలు తీసినవాళ్లలో ఉన్నాడు. ఎలా తీసేవారో అరుగు మీద పడుకుని చూపించాడు నాకు. బోర్లా పడుకోవాలి. ముందు వేళ్లతో గడ్డి తడిమి తీగ ఏదైనా ఉందేమో చూడాలి. తరవాత బాయొనెట్ మొనని ఏటవాలుగా, 30 డిగ్రీల్లో, నేలలోకి మెల్లిగా దింపాలి. నిలువుగా గుచ్చితే మొన పాతర నెత్తి మీద పడుతుంది, ఒత్తిడికి పేలుతుంది. ఏటవాలుగా వెళితే పక్కన తగులుతుంది. తగిలితే ఆగి, చేత్తో మట్టి తియ్యాలి. మళ్లీ కాస్త ముందుకి జరిగి ఇంకోసారి. "కత్తితో నేను పొడిచింది నేలనేరా" అన్నాడు.

దాన్నే కథగా రాశాను, 1978లో. రెండు పత్రికలు తిప్పి పంపాయి. మూడో పత్రిక, బెజవాడ వారపత్రిక, "సిపాయి కథలో నెత్తురేదీ?" అని కార్డు రాసింది. మార్పులు వాళ్లే చేసుకుంటారట. అప్పుడు నాకు ట్యూషన్ల మీద వచ్చేదే జీతం, చెల్లెలి పెళ్లి తలమీదుంది. సరేనని జవాబు రాశాను. అచ్చులో మా మేనమామ ముగ్గుర్ని పొడిచాడు. బొమ్మలో బాకు నుంచి నెత్తురు కారుతోంది. 40 రూపాయలు వచ్చాయి.

ఆయన నాలుగు కాపీలు కొన్నాడట, పంచడానికి. ఒకటి మడిచి నా చేతిలో పెట్టి, "నేనెవణ్ణి చంపానురా?" అని అడిగాడు. రెండు సంక్రాంతులు మా ఇంటి గడప తొక్కలేదు. ఆ సంపాదకుడు పోయి చాలా ఏళ్లయింది, నా కోపం మాత్రం పోలేదు. ఇప్పుడు పోటీలకి వచ్చే కథలూ అలాగే తయారయ్యాయి. మొదటి పేరాలో శవం లేకపోతే బహుమతి రాదని మీకెవరో నూరిపోస్తున్నారు.

1996 నవంబరు తుపాను తెల్లారి మా పేటలో కొబ్బరిచెట్లన్నీ నేలమీదే. మూడోనాటికి మా మేనమామ పడిన చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చాడు, జేబులో ఆ మిలటరీ మడతచాకుతో. ఒక అలుగు, డబ్బా తెరిచే ముక్కు, ముడులు విప్పే లావుపాటి సూది. టార్పాలిన్ పట్టాలు కట్టడానికి తాళ్లు కోశాడు. పసిబిడ్డకి పట్టడానికి పాలపొడి డబ్బా ఉంది, తెరవడానికి ఏమీ లేదు. ఆ ముక్కుతో అంచు చుట్టూ నొక్కుకుంటూ తెరిచాడు, ఒక్క పలుకు కింద పోకుండా. తెరిచాక ఆ పదును అంచుని చాకు వెనకవైపుతో లోపలికి వంచాడు, తల్లి వేలు తెగకుండా.

ఆ వంచడం నేను ఊహించి రాయలేను. నువ్వూ రాయలేవు. అందుకే వెళ్లి చూడమంటున్నాను. మీ నర్సాపురంలో సెలవు మీద వచ్చిన సిపాయి ఒక్కడు దొరక్కపోడు. యుద్ధం గురించి అడక్కు. అతని చాకు అడిగి తీసుకుని, దేనికి వాడాడో అడుగు. అలుగు మీద గీతలు ఎక్కడున్నాయో చూడు.

మాండలికం గురించి అడిగావు, ఇంకోసారి రాస్తాను.

మా మేనమామ చాకు ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. ఈవైపు వస్తే చూపిస్తాను. నీ కాగితాలు ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపుతున్నాను. లెక్కపెడితే 13 ఉంటాయి. 9వ పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను.