మందు పనిచేయడం లేదనుకునే ముందు

చి. సుధకు ఆశీస్సులు,

నాన్నగారి ఊపిరితిత్తుల క్యాన్సర్ గడ్డకు వాడే ఎర్లోటినిబ్ మాత్ర పనిచేయడం లేదేమోనని రాశావు. ముందు ఆ మందు రక్తంలోకి సరిగా చేరుతోందో లేదో చూడు. చాలామంది ఇది చూడకుండానే మందును తప్పుపడతారు.

150 మి.గ్రా. మాత్ర ఖాళీ కడుపునే పడాలి: తినడానికి గంట ముందు, లేదంటే తిన్న రెండు గంటలకు. తిన్న వెంటనే వేసుకుంటే మందు ఇంకా ఎక్కువ ఒంటబడుతుంది, కానీ అది మేలు కాదు. విరేచనాలు, ఒంటిమీద పొక్కులు ఎక్కువై మనిషి చెప్పకుండా మాత్రలు ఎగ్గొడతాడు. డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టు, తెలిసిపోతుంది.

అసలు దొంగ గ్యాస్ మాత్ర. కడుపులో ఆమ్లం తగ్గితే ఎర్లోటినిబ్ సరిగా కరగదు. ఒమెప్రజోల్‌తో కలిస్తే రక్తంలోకి చేరేది దాదాపు సగమే. దాని ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నా లాభం లేదు. ఫామోటిడిన్ తరహా గ్యాస్ మాత్రకు మార్చవచ్చేమో డాక్టరును అడుగు. మారిస్తే అది వేసుకున్న పది గంటలకు ఎర్లోటినిబ్, ఆ తర్వాత కనీసం రెండు గంటలు ఆగి మళ్లీ ఆ మాత్ర.

సిగరెట్టు ఇంకా కాలుస్తున్నారా? పొగ వల్ల కాలేయం ఈ మందును త్వరగా విరిచేస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కూడా అంతే. వాడే మందులన్నీ, మూలికలతో సహా, ఒక కాగితం మీద రాసి చూపించు.

ఇవన్నీ సరిగానే ఉంటే పాత జన్యు పరీక్ష రిపోర్టు తీయి. అందులో కణాలను పెరగమని చెప్పే జన్యువైన ఈజీఎఫ్ఆర్‌లో ఎక్సాన్ 19 డిలీషన్ (ఒక ముక్క ఊడిపోవడం) గానీ ఎల్858ఆర్ (ఒకచోట అక్షరం మారడం) గానీ ఉండాలి. అదే జన్యువులో అదనపు ముక్క చేరే ఎక్సాన్ 20 ఇన్‌సర్షన్లలో ఎక్కువ భాగం ఈ మందుకు లొంగవు.

మొదట తగ్గి, నెలల తర్వాత మళ్లీ పెరిగితే సంగతి వేరు. గడ్డే మారిపోయి ఉంటుంది. అలాంటి వారిలో సుమారు సగం మందికి అదే జన్యువులో టీ790ఎమ్ అనే మరో మార్పు వస్తుంది. దానికి ఒసిమెర్టినిబ్ 80 మి.గ్రా. అనే వేరే మాత్ర ఉంది, మెదడులోకి కూడా ఇది మెరుగ్గా వెళ్తుంది. రక్తపరీక్షలో ఆ మార్పు కనబడకపోతే లేదని తేల్చేయకు, గడ్డ నుంచి ముక్క తీసి చూడమను. కొందరిలో గడ్డ స్మాల్ సెల్ అనే వేరే రకం క్యాన్సర్‌గా మారుతుంది, అప్పుడు కీమో వైపు వెళ్లాలి. ఆ సంగతి ముక్క తీస్తేనే తెలుస్తుంది.

ఈలోగా మాత్ర మీరే ఆపేయకండి. ఆపిన కొద్ది రోజుల్లోనే కొందరికి జబ్బు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. తర్వాతి మందు ఎప్పుడు మొదలో తేల్చుకున్నాకే, డాక్టరు చెప్పిన రోజున ఆపండి.

మీ పెదనాన్న