స్పానిష్ క్లాసులో పెద్దల పండుగ

ప్రశ్న: తొమ్మిదో తరగతికి స్పానిష్ చెప్తాను. మెక్సికోవాళ్ల 'దియా దే మువేర్తోస్'ను (చనిపోయినవాళ్లను తలుచుకునే పండుగ) రెండు పీరియడ్లలో చెప్పాలి. పిల్లలేమో దయ్యాల పండుగ అనుకుంటున్నారు. ఎట్ల మొదలుపెట్టాలి?
– ఒక టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: పుర్రె బొమ్మలు ముందే చూపకండి, ఆ అపోహ అక్కడే పుడుతుంది. పెత్రమాసతో మొదలుపెట్టండి. పెద్దలకు బియ్యం ఇచ్చుడు పాలమూరు పిల్లలకు తెలిసిందే. మెక్సికోలో నవంబరు 1న చనిపోయిన పిల్లలను, 2న పెద్దలను తలుచుకుంటారు. 'ఒఫ్రెందా' అనే బల్ల మీద ఫొటోలు, నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, వాళ్లకిష్టమైన తిండి పెడతారు. ఇంటిదారి చూపడానికి బంతిపూలు. మన బతుకమ్మలో పేర్చే బంతికి పుట్టిల్లు కూడా మెక్సికో వైపే! అయితే రెండు పండుగలూ ఒకటేనని మాత్రం చెప్పొద్దు.

అసలు పాఠం వ్యాకరణంలో ఉంది: చనిపోయినవాళ్లకు ఏది ఇష్టంగా ఉండేదో చెప్పడం. 'లే గుస్తాబా ఎల్ కఫే' అంటే 'ఆయనకు కాఫీ ఇష్టంగా ఉండేది'. తెలుగులో 'ఆయనకు' ఎట్లనో, స్పానిష్‌లో 'లే' అట్లనే. పిల్లలు ఇంగ్లిషు మీదుగా పోయి, 'ఆయన' అనే మాట పెట్టి 'ఎల్ గుస్తాబా' అని తప్పుగా అంటారు. నేరుగా తెలుగు నుంచే చెప్పించండి. మామిడిపండ్లయితే బహువచనం: 'లే గుస్తాబాన్ లోస్ మాంగోస్'. ఒక్కొక్కరు మూడు వాక్యాలు రాస్తే చాలు.

ఈ పండుగకు కట్టే కాగితం తోరణాలను పిల్లలతో మడిచి కత్తిరించి చేయించేటప్పుడు పతంగి కాగితం వాడండి. దారానికి పైన 3 సెంటీమీటర్లు వదలాలి. మడతలు ఎక్కువైతే కత్తెర దిగక అంచులు చిరుగుతాయి.

ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే ఫొటో తెమ్మని అడగకండి. చరిత్రలోని మనిషి గురించి రాయనివ్వండి.